ఎడమపక్క చప్పుడు

మొన్న ఆదివారం అమ్మని చూద్దామని మధురవాడలో మా తమ్ముడు సూరిబాబు ఇంటికి వెళ్ళాను. గాజువాక నుంచి హైవే మీద అంత దూరం స్కూటరు నడుపుకుంటూ వెళ్ళినదాన్ని, కాసిన్ని మంచినీళ్ళు తాగుదామనుకునే లోపే వాడు నన్ను హాల్లోకి లాక్కెళ్ళి, గోడంత టీవీ ముందు కూర్చోబెట్టి, చేతిలో స్టీరింగ్ పెట్టాడు. వీడి ఉద్యోగం ఏమిటని చుట్టాలెవరైనా అడిగితే నేనెప్పుడూ తడుముకుంటాను. కారు పందేల వీడియో గేముల్లో వీడు రోడ్లు తయారుచేస్తాడు. కార్లు చేసేవాళ్ళు వేరే ఉంటారట. రోడ్డు, మలుపులు, పక్కనుండే చెట్లు, స్తంభాలు, పిట్టగోడలు మా వాడి వంతు. నలభయ్యో పడిలో ఉన్న మనిషి పొద్దస్తమానం కూర్చుని లేని ఊళ్ళకి రోడ్లు వేస్తాడన్నమాట. ఈ గేము ఇంకా బజార్లోకి రాలేదని, నేను ఆడి ఎలా ఉందో చెప్పాలని అన్నాడు. నీకేమీ తెలీదు కాబట్టి నువ్వు చెప్పేదే నిజమని కూడా అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో తేల్చుకునేలోగా బండి బయల్దేరింది.

బొమ్మ చాలా బాగుంది. ఒక వైపు సముద్రం, ఒక వైపు కొండ, మధ్యలో అప్పుడే వాన కురిసి వెలిసినట్టు తడి రోడ్డు. బండి కింద దాని నీడ కూడా బండితోపాటే మలుపు తిరుగుతోంది. ఆ నీడ లేకపోతే ఎంత ఖరీదైన కారైనా గాల్లో తేలుతున్నట్టుంటుందని వాడు నాకు ఎన్నోసార్లు చెప్పాడు. కాసేపు నడిపాక ఎలాగుందక్కా అని అడిగాడు. నాకు తోచింది చెప్పాను.

"బొమ్మ బాగుంది గానీ, బండి నడవట్లేదేట్రా. నిలబడిపోయినట్టుంది."

సూరిబాబు ముఖం చూశాక గానీ నా నోట్లోంచి వచ్చిన మాట నాకు వినపడలేదు. ఆ మాట మా ఇంట్లో ఇంతకు ముందొకరు అన్నారు. ఇంచుమించు అవే ముక్కలు, ఇలాగే స్టీరింగ్ పట్టుకుని. నా అరచేతులు చల్లబడిపోయాయి. భయం అంటే నాకు ముందు అరచేతుల్లోనే తెలుస్తుంది, అది అమ్మ నుంచి వచ్చిన గుణం. వాడు నెమ్మదిగా, మళ్ళీ ఒకసారి ఆడక్కా అన్నాడు. ఆ రెండోసారి ఏం జరిగిందో చెప్పే ముందు మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న తగరపువలస అవతల పల్లెటూర్లో జీడితోటలూ గోగునారా చేసుకునే ఇంట్లో పుట్టి, క్లీనరుగా పట్నం వచ్చి, ట్రైలరు డ్రైవరు అయ్యాడు. స్టీలు ప్లాంటు నుంచి ఇనప కడ్డీల కట్టలు ఎక్కించుకుని పోర్టుకి తోలడం ఆయన పని. గాజువాకలో రెండు గదులూ ఒక వరండా మా ఇల్లు. సాయంత్రం ఆయన వరండాలో బూట్లు విప్పితే డీజిలు వాసన, గ్రీజు వాసన, ఎండలో కాలిన ఇనుము వాసన కలిసి లోపలికి వచ్చేవి. ముందు కిరసనాయిలుతో చేతులు తుడుచుకుని, తరవాత బట్టల సబ్బుతో తోముకుని, అప్పుడు గానీ మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. అందుకని ఇప్పటికీ కిరసనాయిలు వాసన వస్తే నాకు ఎవరో తల నిమరబోతున్నట్టు ఉంటుంది. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి ధూళి ఆరేసిన బట్టల మీద, కిటికీ ఊచల మీద, టీవీ మీద పడుతూనే ఉండేది. అమ్మ రోజుకి రెండు పూటలా తుడిచేది. తుడుస్తూ కూడా చెవి వీధి వైపే వేసి ఉంచేది.

అమ్మ భయం మా ఇంట్లో ఇంకో మనిషిలా ఉండేది. నాన్న బండి మీద ఉన్నంతసేపూ ఇంట్లో కొన్ని మాటలు అనకూడదు. గిన్నె కింద పడితే జారిందనాలి గాని పడిందనకూడదు. ఎవరైనా తలుపు గట్టిగా కొడితే ఆవిడ వెంటనే తీసేది కాదు, గోడకి ఆనుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుని అప్పుడు తీసేది. వెళ్ళి చూస్తే పాలవాడో, పక్కింటి పిన్నిగారో ఉండేవారు. వాళ్ళని చూసి అమ్మ అంత సంతోషంగా ఎందుకు నవ్వుతుందో పాపం వాళ్ళకి తెలిసేది కాదు. ఈ భయాన్ని మేమిద్దరం వెక్కిరించేవాళ్ళం, కాని ఒక్కళ్ళమే ఉన్నప్పుడు ఆ నియమాలు తప్పేవాళ్ళం కాదు.

సూరిబాబు టెన్త్ పాసైన వేసవిలో నాన్న హార్బరు దగ్గర ఫారిన్ సరుకు అమ్మే కొట్టునుంచి ఒక గేము పెట్టె తెచ్చాడు. ఓడ దిగిన కుర్రాళ్ళెవరో అమ్ముకుని పోయినదట. దాంతో ఒకటే ఆట, కారు పందెం. నిజం స్టీరింగంత కాకపోయినా పళ్ళెమంత స్టీరింగ్ కూడా ఉంది గాని దాని వైరు మూరెడే. ఆడాలంటే టీవీకి ముక్కు ఆనించినట్టు కూర్చోవాలి. అమ్మ ఒకటే షరతు పెట్టింది. నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు ఆడుకోవచ్చు గాని శబ్దం పూర్తిగా తీసెయ్యాలి. తెర మీద బండి దేన్నైనా గుద్దుకున్నప్పుడు వచ్చే ఆ రేకు నలిగిన చప్పుడు ఇంట్లో వినపడకూడదు. కాబట్టి మా కార్లు ఏడాది పొడుగునా మూగగా పల్టీలు కొట్టేవి. ఒక్క ఆదివారం మాత్రం, నాన్న బూట్లు వరండాలో ఉన్నప్పుడు, చప్పుడు పెట్టుకోవచ్చు.

చప్పుడు లేకపోవడం వల్లే మా తమ్ముడికి ఆ విద్య అబ్బిందని నా నమ్మకం. ఇంజను మోత ఉంటే ఎవరికైనా వేగం తెలుస్తుంది. అది లేనప్పుడు వేగం ఎక్కణ్ణించి వస్తోందో వాడు వెతికాడు. ఎడారి రోడ్డు మీద నూటెనభైలో పోతున్నా బండి నత్తలా ఉంటుంది, అదే అంకె మీద ఊళ్ళోకి వస్తే గుండె నోట్లోకొస్తుంది, ఎందుకని నన్ను అడిగాడు. నాకేం తెలుసు. వాడు పాత క్యాలెండరు అట్టలు రెండు కత్తిరించి టీవీకి చెరో పక్కా అతికించాడు. నడిమధ్య రోడ్డు మాత్రం కనపడుతోంది, అంచులు మూసుకుపోయాయి. ఆడి చూస్తే నిజంగానే బండి కదలడం మానేసింది. అట్టలు పీకేశాడు, బండి దూసుకుపోయింది. "వేగం బండిలో ఉండదే అక్కా, పక్కనించి పోయే స్తంభాల్లో ఉంటాది" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంటికి ఎవరొచ్చినా ఆ అట్టల గారడీ చూపించకుండా వదిలేవాడు కాదు.

ఆట ఎన్నాళ్ళాడినా విసుగు పుట్టకుండా ఉండేది ఎందుకో కూడా వాడు అప్పుడే పట్టుకున్నాడు. మనం వెనకబడితే మిగతా కార్లు కాస్త నెమ్మదిస్తాయి, మనం ముందుకెళితే అవి ఊపందుకుంటాయి. గెలుపు ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది, భయం ఎప్పుడూ వీపు వెనకే ఉంటుంది. పైగా ఎన్నిసార్లు నుజ్జయినా ఒక మీట నొక్కితే బండి మళ్ళీ కొత్తగా గీత మీద నిలబడుతుంది. నేను పదే పదే ఆడింది ఆ మీట కోసమే అనుకుంటాను. మా ఇంట్లో రోజూ ఉండే భయానికి అలాంటి మీట లేదు.

అప్పటికి నాన్నలో కొన్ని కొత్త అలవాట్లు వచ్చాయి. భోజనానికి కూర్చుంటే ఎడం పక్కనున్న మంచినీళ్ళ చెంబు తన్నేసేవాడు. అమ్మ ధ్యాస లేదని విసుక్కుంటూ తుడిచేది. ద్వారబంధానికి ఆయన భుజం కొట్టుకునేది. పక్కనుంచి పిలిస్తే కళ్ళు తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. మాకది పెద్దరికం అనిపించేది. లైసెన్సు కోసం కళ్ళ పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ గోడమీది అక్షరాలు కింది వరస దాకా గడగడా చదివి వచ్చేవాడు, ఇంటికొచ్చి ఆ సంగతి గర్వంగా చెప్పేవాడు కూడా.

ఆయన బండి క్లీనరు అప్పలరాజు మామ. నాన్న కంటే పెద్దవాడు, అమ్మకి వరసకి అన్న, నాన్నని బావ అనేవాడు. ట్రైలరులో డ్రైవరు కుడి పక్క కూర్చుంటే క్లీనరు ఎడం పక్క. ఆ వైపు ఏముందో చెప్పాల్సింది అతనే. చెప్పడమంటే నోటితో కాదు, తలుపు బయటి రేకు మీద అరచేత్తో. ఒక దెబ్బ కొడితే ఆగు, రెండు కొడితే పో. ఆ భాష అన్ని లారీలవాళ్ళకీ ఉన్నదే. వీధి చివర ట్రైలరు ఆగినప్పుడు అప్పలరాజు మామ దెబ్బల్ని బట్టి బండి వచ్చిందని అమ్మ పోల్చుకునేది. అతని అరచెయ్యి చెక్కలా ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కానాగడత చేపల పులుసూ అన్నం తిని నాన్న మంచి హుషారు మీదున్నాడు. సూరిబాబు బతిమాలి ఆయన్ని టీవీ ముందు కూర్చోబెట్టాడు. పెద్ద బండి తోలేవాడికి ఇదెంత అని ఆయన మీసం సవరించుకుని స్టీరింగ్ అందుకున్నాడు. బయల్దేరిన నిమిషానికే మొహం చిట్లించాడు.

"ఏట్రా ఇది, బండి నడవట్లేదు. నిలబడిపోయినట్టుంది."

నూటెనభైలో పోతోంది నాన్నా అన్నాడు సూరిబాబు. అంటూనే లేచి వెళ్ళి టీవీకి రెండు పక్కలా చెయ్యి పెట్టి తడిమి చూశాడు. అట్టలు ఇంకా ఉండిపోయాయేమోనని. అట్టలు లేవు. వాడు వెనక్కి తిరిగి నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. నాన్న బండి ఎడమ వైపు ఏ స్తంభం ఉంటే దాన్ని గుద్దుకుంటూ పోతోంది. అదేం ఆట అని నవ్వుతున్నాడు. నాకు ఆయన ఓడిపోవడం నచ్చలేదు. ఎడం పక్కన రేకు ట్రంకుపెట్టె ఉంటే దాని మీద కూర్చుని అప్పలరాజు మామని వెక్కిరిస్తున్నట్టుగా అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాను. స్తంభం దగ్గరకొస్తే ఒక దెబ్బ, ఖాళీ అయితే రెండు. అంతే, బండి దారిలో పడింది. మలుపుల్ని నాన్న ఎంత ఒద్దికగా తిప్పాడంటే మా తమ్ముడు ఒక్కనాడూ అలా తిప్పలేదు. ఒక్కొక్క కారునీ దాటుకుంటూ ముందుకొచ్చేశాడు. నేను గంతులేస్తూ కొడుతున్నాను, ఆయన నవ్వుతున్నాడు.

వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఆవిడ టీవీ చూడట్లేదు, నాన్న ముఖం చూస్తోంది. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలీదు. తడి చేతులు కొంగుకి తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"అమ్మీ," అంది నాతో, "సెయ్యి తీసీ. కొట్టకు."

నేను చెయ్యి తీసేశాను. మా ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయి ఇంజను మోత మాత్రం మిగిలింది. ఎడం వైపు సందులోంచి ఒక లారీ రోడ్డు మీదికి వస్తోంది. తాపీగా, అందరికీ కనపడుతూ వస్తోంది. నాన్న తిన్నగా వెళ్ళి దాన్ని గుద్దేశాడు. రేకు నలిగిన చప్పుడు గదంతా నిండింది. అదెక్కణ్ణించి వచ్చిందిరా అని అడిగాడాయన, నిజంగా ఆశ్చర్యపోయి. మొదట్నించీ కనపడుతూనే ఉంది నాన్నా అని సూరిబాబు చెప్పాడు. అమ్మ వచ్చి టీవీ కట్టేసింది. ఎన్నాళ్ళయిందేటి ఇలగ అని అడిగింది. నాన్న స్టీరింగ్ ఒళ్ళో పెట్టుకుని, గోడ మీది అక్షరాలన్నీ చదివాను గదే అన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే అన్నాడు.

ఆ రాత్రి నేను కళ్ళు మూసుకుంటే గాజువాక జంక్షన్లో రోడ్డు దాటే స్కూలు పిల్లలు కనపడ్డారు. అందరూ ఎడం పక్కనుంచే దాటుతున్నారు. అన్నాళ్ళూ నాన్నకి ఏమైనా అవుతుందని భయపడ్డాం. నాన్న వల్ల ఇంకొకరికి ఏమైనా అవుతుందన్న భయం ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. అది ఇంకా పాడు భయం, దానికి దేవుడికి దండం పెట్టుకోవాలన్నా సిగ్గేస్తుంది.

తెల్లారి నాన్న ఎప్పట్లాగే బూట్లు వేసుకున్నాడు. అమ్మ వద్దనలేదు, ఏడవలేదు, క్యారేజీ పట్టుకుని వెనకాలే ట్రైలర్లు నిలిపే యార్డుకి వెళ్ళింది. తరవాత జరిగింది అప్పలరాజు మామ చెప్పగా విన్నదే. అమ్మ అంతకు ముందెప్పుడూ ఆ బండి ఎక్కలేదట. చీర దోపుకుని ఎడం పక్కనుంచి ఎక్కి, అతన్ని జరగమని, అన్నా, గేటు దాకా నీ సెయ్యి ఒళ్ళో ఎట్టుకో అందట. యార్డులో ఎవరూ లేరు, ఖాళీ బండి, గేటు దగ్గర ఎడమకి తిరగాలి. నాన్న బండి తీశాడు. గేటు కనపడే దాకా వచ్చి ఆపేశాడు. రెండు దెబ్బల కోసం చూశాడు. దెబ్బలు పడలేదు. ఇంజను ఆపేసి, తాళం తీసి అమ్మ చేతిలో పెట్టాడట. నాన్న కళ్ళ సంగతి అప్పలరాజు మామకి అప్పటికి రెండేళ్ళ పైగా తెలుసు.

"బావ అడగనేదు, నాను సెప్పనేదు," అన్నాడు మా వరండాలో కూర్చుని, తన అరచెయ్యి తనే చూసుకుంటూ. "ఓ దెబ్బ ఎక్కువ కొడితే సరిపోద్దిలే అనుకున్నాను."

అతని మీద నాకు ఇప్పటికీ కోపం రాదు, అలాగని తలుచుకుంటే వణుకూ పోదు. మా నాన్నని రెండేళ్ళు కాపాడింది ఆ అరచెయ్యే. ఆ రెండేళ్ళూ చూపు లేని బండిని జనం మధ్య నడిపించింది కూడా అదే. కళ్ళ డాక్టరు గారు పేరేదో చెప్పారు, అంచుల నుంచి లోపలికి చూపు మాసిపోతుందని, మధ్యది చివరికి పోతుందని, అందుకే అక్షరాల పరీక్షలో దొరకదని చెప్పారు. పోయింది రాదు, ఉన్నది చుక్కల మందుతో నిలుపుకోవాలి. యార్డులోనే నాన్నకి తాళ్ళూ టార్పాలిన్లూ అప్పగించే పని ఇచ్చారు. నాన్న పోయేదాకా ఆ చుక్కలు వేసింది అమ్మే. ఇంటి రాబడి తగ్గింది గాని, తలుపు చప్పుడైతే అమ్మ వెంటనే తీయడం మొదలుపెట్టింది. ఆ డాక్టరు గారే ఇంకో మాట కూడా అన్నారు. ఇది రక్తంలో ఉంటుంది, పిల్లలిద్దరూ పెద్దయ్యాక ఏటా చూపించుకోవాలి అని. సూరిబాబు క్రమం తప్పకుండా వెళతాడు. నేను మొదట్లో వెళ్ళాను. తరవాత బడి పరీక్షలని, వేసవని, ఇంకోటని వాయిదా వేస్తూ వచ్చాను. మా బళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, నాకు సాకులు దొరకవా. అసలు సంగతి భయం.

ఇక మొన్నటి సంగతి. రెండోసారి ఆట మొదలైంది. అప్పటి ఆటలో చెట్లు అట్టముక్కల్లా ఉండేవి, ఇప్పుడు ఆకు ఆకూ ఊగుతోంది. అప్పటి టీవీ కంటే ఈ తెర నాలుగింతలు పెద్దది, వైరే లేదు. తమ్ముడు ఎన్నో నెలలు కష్టపడి అంచుల్లో పెట్టిన ఆ అందమంతా నాకు చేరట్లేదన్న అనుమానంతో నడుపుతున్నాను. బండి దేన్నో రాసుకుంది. ఇంకోసారి రాసుకుంది. అప్పుడు నా ఎడం పక్కన చప్పుడైంది. ఒక దెబ్బ. కాస్సేపాగి రెండు. సూరిబాబు ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, టీపాయి మీద అరచేత్తో కొడుతున్నాడు. బండి దారిలో పడింది. ఆ హాయి ఎంతటిదో నాకు అప్పుడు తెలిసింది. ఎవరో నా వైపు ఉన్నారు, నేనిక ఏమీ చూడక్కర్లేదు. ఈ హాయి కోసం మనిషి రెండేళ్ళేమిటి, పదేళ్ళైనా నోరు విప్పకుండా నడపగలడు. వాడి వైపు తిరిగాను, కళ్ళు కాదు, ఒళ్ళంతా తిప్పి. వాడి కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"కొట్టకురా సూరీ," అన్నాను.

వాడు చెయ్యి తీసేశాడు. నేను రోడ్డు మధ్యలోకే చూస్తూ, వీలైనంత జాగ్రత్తగా, నిజం రోడ్డు మీద ఎలా నడుపుతానో అలాగే నడిపాను. ఎంత దూరం వెళ్ళానో తెలీదు. తెరంతా ఒక్క కుదుపు కుదిపినట్టయింది, రేకు నలిగిన చప్పుడు హాలంతా నిండింది.

వంటింట్లో చేపలు వేగుతున్న చప్పుడు ఆగింది. అమ్మ స్టవ్ కట్టేసి గుమ్మంలోకి వచ్చింది. డెబ్భై ఏళ్ళు దాటాయి, గోడ పట్టుకుని నడుస్తుంది. టీవీ వైపు చూడలేదు.

"ఏ పక్క?" అంది.

"ఎడం," అన్నాను.

అమ్మ గోడ వదిలేసి నా దగ్గరికి వచ్చి అరచెయ్యి చాపింది. అక్షరాలన్నీ కనపడుతున్నాయమ్మా అనబోయి ఊరుకున్నాను. బ్యాగులోంచి స్కూటరు తాళం తీసి ఆ చేతిలో పెట్టాను.